పరదేశంలో సైన్యం: బలమైన రాజ్యాలు చెప్పుకున్న కారణాల చరిత్ర

ఒక రాజ్యం సరిహద్దు దాటి మరో దేశంలోకి సైన్యాన్ని పంపినప్పుడు, అది న్యాయమేనని చూపడానికి చెప్పే కారణాలను సైనిక జోక్యానికి సమర్థనలు అంటారు. మతవ్యాప్తి, నాగరికత నేర్పడం, సొంత పౌరుల భద్రత, ఆత్మరక్షణ, మిత్ర ప్రభుత్వం పిలుపు, అమాయకుల రక్షణ: అయిదు వందల ఏళ్లుగా ఎక్కువగా వినిపించినవి ఇవే. దాడికి గురయ్యే ప్రజలను ఒప్పించడానికి వీటిని చెప్పడం అరుదు. పన్ను కట్టి, బిడ్డలను సైన్యానికి పంపే సొంత జనాన్నీ, పక్కనుంచి చూస్తున్న ఇతర రాజ్యాలనూ ఒప్పించడమే వీటి పని. అందుకే ఏ కాలంలో నలుగురూ దేన్ని న్యాయమని ఒప్పుకుంటారో, ఆ కాలపు సమర్థన దాని చుట్టూనే అల్లుకుని ఉంటుంది.

స్పెయిన్ ప్రకటన

1513లో స్పెయిన్ న్యాయకోవిదుడు హువాన్ లోపెజ్ దె పలాసియోస్ రూబియోస్ 'రెకెరిమియెంతో' అనే ప్రకటన రాశాడు. అమెరికా ఖండంలో స్థానికులపై యుద్ధానికి దిగే ముందు సేనాని దాన్ని చదివి వినిపించాలి. ఈ నేలను పోపు స్పెయిన్ పాలకులకు ఇచ్చాడని, లొంగితే మేలని, లేకుంటే యుద్ధం చేసి భార్యాబిడ్డలతో సహా బానిసలను చేస్తామని అందులో ఉంటుంది. జరగబోయే చావులకు తప్పు వినేవాళ్లదేనని చెప్పి, చదివినట్టు నోటరీ చేత సాక్ష్యం రాయించుకోవాలి. చదివే భాష వినేవాళ్లకు రాదు. జనం పారిపోయిన ఖాళీ ఊళ్లలో చదివిన సందర్భాలూ ఉన్నాయి. అక్కడ నోటరీ ఒక్కడే అసలైన శ్రోత. దీన్ని విని నవ్వాలో ఏడవాలో తెలియలేదని స్థానికుల పక్షాన నిలిచిన క్రైస్తవ సన్యాసి బర్తొలోమె దె లాస్ కాసాస్ రాశాడు.

పోపుకు ఇతరుల నేలను పంచిపెట్టే అధికారం లేదని 1539లో సలమాంకా విశ్వవిద్యాలయ ఆచార్యుడు ఫ్రాన్సిస్కో దె విటోరియా ఉపన్యాసాల్లో వాదించాడు. ఆ కాలానికి అది చాలా ధైర్యమైన మాట. కానీ ఆయనే మరికొన్ని దారులు తెరిచాడు. వర్తకానికి, ప్రయాణానికి, మతప్రచారానికి అడ్డుపడితే యుద్ధం చేయవచ్చన్నాడు. నరబలి నుంచి అమాయకులను కాపాడడానికీ చేయవచ్చన్నాడు. నేడు మానవతా జోక్యం పేరిట జరిగే వాదనలో చాలా భాగం అక్కడే ఉంది.

వర్తకం, నాగరికత

1839లో చైనా అధికారి లిన్ జెషు కాంటన్‌లో బ్రిటిష్ వర్తకుల నుంచి ఇరవై వేలకు పైగా నల్లమందు పెట్టెలు స్వాధీనం చేసుకుని నాశనం చేయించాడు. బ్రిటన్ మంత్రులు నల్లమందు కోసం యుద్ధమని అనలేదు. తమ ప్రజల ఆస్తికి పరిహారం, రాణి ప్రతినిధికి జరిగిన అవమానం, స్వేచ్ఛా వాణిజ్యం అన్నారు. పార్లమెంటులో ప్రతిపక్ష సభ్యుడు గ్లాడ్‌స్టన్ ఈ యుద్ధాన్ని గట్టిగా ఎదిరించాడు. 1840 ఏప్రిల్‌లో ప్రభుత్వం 271–262 ఓట్లతో, అంటే తొమ్మిది ఓట్ల తేడాతో గట్టెక్కింది. ఈ యుద్ధానికి వెళ్లిన పటాలాల్లో 37వ మద్రాసు నేటివ్ ఇన్‌ఫాంట్రీ ఒకటి. మద్రాసు సైన్యం సిపాయిలను తీసుకున్న ప్రాంతాల్లో తెలుగు జిల్లాలూ ఉండేవి. లండన్‌లో తేలిన న్యాయాన్ని కాంటన్ వరిపొలాల్లో అమలు చేసింది మద్రాసు సిపాయిలు కూడా.

1898 ఫిబ్రవరిలో, స్పెయిన్ పాలనలో ఉన్న క్యూబాలోని హవానా రేవులో అమెరికా యుద్ధనౌక 'మెయిన్' పేలి 260 మందికి పైగా చనిపోయారు. నింద స్పెయిన్‌పై పడింది, క్యూబా విముక్తి కోసమంటూ అమెరికా స్పెయిన్‌పై యుద్ధం ప్రకటించింది. క్యూబాను కలుపుకోబోమని కాంగ్రెస్ ముందే మాట ఇచ్చింది. ఆ మాట అక్షరాలా నిలిచింది, కానీ 1901 ప్లాట్ సవరణ కింద క్యూబాలో ఎప్పుడైనా జోక్యం చేసుకునే హక్కును అమెరికా తన దగ్గరే ఉంచుకుంది. అదే యుద్ధం చివర స్పెయిన్‌కు రెండు కోట్ల డాలర్లు చెల్లించి ఫిలిప్పీన్స్‌ను తీసుకుంది. 'మెయిన్' పేలుడుకు కారణం బహుశా నౌక లోపలే పుట్టిందని 1976లో అమెరికా నౌకాదళ అడ్మిరల్ రికోవర్ జరిపిన పరిశీలన తేల్చింది.

యుద్ధం నేరమయ్యాక

1928 కెల్లాగ్–బ్రియాండ్ ఒప్పందంతో పెద్ద రాజ్యాలన్నీ యుద్ధాన్ని జాతీయ విధాన సాధనంగా వాడబోమని సంతకం చేశాయి. యుద్ధాలు ఆగలేదు, వాటిని ఆత్మరక్షణగా చూపడం పెరిగింది. 1931 సెప్టెంబరు 18న ముక్డెన్ దగ్గర జపాన్ సైనికులే తమ రైలు పట్టాల పక్కన పేలుడు జరిపి, చైనావాళ్ల పని అని మంచూరియాను ఆక్రమించారు. నానాజాతి సమితి పంపిన లిట్టన్ సంఘం ఆ వాదనను ఒప్పుకోకపోవడంతో జపాన్ 1933లో సమితిని వదిలి వెళ్లింది. ఇటలీ 1935లో ఇథియోపియాపై పడి, అక్కడి బానిసత్వాన్ని రద్దు చేయడానికేనంది.

1945 ఐక్యరాజ్యసమితి ఛార్టర్ బలప్రయోగాన్ని నిషేధించి రెండు మినహాయింపులే ఉంచింది: 51వ అధికరణం కింద ఆత్మరక్షణ, భద్రతా మండలి అనుమతి. ఆ దేశ ప్రభుత్వమే పిలిచిందనడం మూడో దారి అయింది. 1956లో బ్రిటన్, ఫ్రాన్స్ ఇజ్రాయెల్‌తో సెవ్ర్‌లో రహస్య ఒప్పందం చేసుకున్నాయి. ఇజ్రాయెల్ ఈజిప్టుపై దాడి చేశాక, కొట్టుకుంటున్న ఇద్దరినీ విడదీస్తామంటూ సూయజ్‌లో దిగాయి. ఆ రోజుల్లోనే సోవియట్ ట్యాంకులు, హంగరీ ప్రభుత్వం కోరిందని చెప్పుకుంటూ, బుడాపెస్ట్‌లో ఉన్నాయి. 1968లో చెకొస్లొవేకియాకు వెళ్లినప్పుడు చూపిన ఆహ్వానం అక్కడి అయిదుగురు కమ్యూనిస్టు నాయకుల రహస్య లేఖ. వాళ్ల పేర్లు 1992లో రష్యా ఆ లేఖను అప్పగించాక గానీ బయటపడలేదు.

తెలుగువాళ్లకు దగ్గరి ఉదాహరణ 1948 హైదరాబాదు. నిజాం ప్రభుత్వం ఆగస్టులో భద్రతా మండలికి ఫిర్యాదు చేసింది. సెప్టెంబరు 13న భారత సైన్యం ప్రవేశించింది, 17న నిజాం లొంగిపోయాడు. రజాకార్ల దౌర్జన్యం నుంచి శాంతిభద్రతలు నిలపడానికి చేసిన పోలీసు చర్య అని భారత్ చెప్పింది. దాన్ని విదేశీ జోక్యంగా భారత్ ఎన్నడూ ఒప్పుకోలేదు. హైదరాబాదు వేరే దేశమా కాదా అన్నదే అసలు తగవు.

1971 మరింత లోతైన ప్రశ్న లేపింది. తూర్పు పాకిస్తాన్‌లో సైన్యం సాగించిన మారణకాండకు దాదాపు కోటి మంది భారత్‌లోకి వచ్చారు. శరణార్థుల బాధను భారత్ ప్రపంచానికంతా చెప్పింది. అయినా చట్టపరంగా ప్రధానంగా ఆనుకున్నది ఆత్మరక్షణనే, డిసెంబరు 3న పాకిస్తాన్ వైమానిక దాడి చేసింది కాబట్టి. జనరల్ అసెంబ్లీ 104–11 ఓట్లతో కాల్పుల విరమణ, సేనల ఉపసంహరణ కోరింది. 1978 చివర్లో దాడి మొదలుపెట్టి కంబోడియాలో ఖ్మేర్ రూజ్ ప్రభుత్వాన్ని కూలదోసిన వియత్నాం, 1979లో ఉగాండాలో ఇదీ అమీన్‌ను తరిమిన టాంజానియా కూడా ఆత్మరక్షణ మాటే చెప్పాయి. ప్రాణాలు నిలిపిన జోక్యాల్లో ఈ మూడూ ముందు వరుసలో ఉంటాయి. కానీ జనాన్ని కాపాడడానికే వెళ్లామన్న వాదన ఒక్కదానిపై ఏదీ నిలబడలేదు, ఎందుకంటే అప్పటి రాజ్యాలు దాన్ని చట్టంగా ఒప్పుకోలేదు.

మానవత నుంచి ముందస్తు దాడి దాకా

1994లో రువాండాలో మారణహోమం జరుగుతుంటే ప్రపంచం చూస్తూ ఊరుకున్నాక గాలి మారింది. 1999లో భద్రతా మండలి అనుమతి లేకుండా నాటో కొసావో కోసం యుగోస్లావియాపై 78 రోజులు బాంబులు వేసింది. అది చట్టవిరుద్ధమే కానీ న్యాయసమ్మతమని ఒక స్వతంత్ర అంతర్జాతీయ సంఘం తేల్చింది. 2005లో దేశాధినేతలు 'రక్షించే బాధ్యత' సూత్రాన్ని ఆమోదించారు. 2011లో లిబియా పౌరుల రక్షణకు మండలి 10–0తో అనుమతినిచ్చింది. భారత్ సహా అయిదు దేశాలు ఓటు వేయలేదు. ఆ జోక్యం లిబియా పాలకుడు గద్దాఫీ పతనం దాకా సాగడంతో, తర్వాత సిరియా విషయంలో రష్యా, చైనా ఇలాంటి మాటను నమ్మలేదు. మానవత పేరును అతిగా వాడుకోవడం వల్ల నిజంగా కాపాడాల్సిన చోట కూడా నమ్మకం మిగల్లేదు. ఇది ఆ సూత్రానికి తగిలిన పెద్ద దెబ్బ.

ఇరాక్ యుద్ధంలో ఎవరికి ఏ కారణం చెప్పారో కాగితాల మీదే కనిపిస్తుంది. 2003 ఫిబ్రవరి 5న అమెరికా విదేశాంగ మంత్రి కోలిన్ పావెల్ సామూహిక విధ్వంసక ఆయుధాల గురించి మండలికి చెప్పాడు. జనానికి అదే ప్రధాన కారణం. చట్టపరంగా మాత్రం మండలి పాత 678, 687 తీర్మానాలనూ, కొత్త 1441నూ కలిపి చూపారు. బ్రిటన్ అటార్నీ జనరల్ మార్చి 7న ఇచ్చిన దీర్ఘమైన సలహాలో సందేహాలున్నాయి. పది రోజుల తర్వాత పార్లమెంటుకు చేరిన క్లుప్త ప్రకటనలో అవి లేవు. ఆయుధాల నిల్వలు దొరకలేదు. శాంతి మార్గాలు ఇంకా మిగిలి ఉండగానే యుద్ధానికి దిగారని, దాని చట్టబద్ధతను తేల్చిన తీరు ఏమాత్రం సంతృప్తికరంగా లేదని ఆ యుద్ధంపై బ్రిటన్ జరిపిన చిల్కాట్ విచారణ నివేదిక 2016లో చెప్పింది.

2022 ఫిబ్రవరి 24న రష్యా అధ్యక్షుడు పుతిన్ ఉక్రెయిన్‌పై దాడిని ప్రకటిస్తూ, తూర్పు ఉక్రెయిన్‌లోని దోన్‌బాస్ ప్రజలను జాతి నిర్మూలన నుంచి కాపాడతామన్నాడు, 51వ అధికరణాన్నీ ఉదహరించాడు. జాతి నిర్మూలన ఆరోపణ అబద్ధమని ఉక్రెయిన్ అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్లింది. రష్యా ఆ తొలి విచారణకు హాజరు కాలేదు. తమ చర్యకు చట్టపరమైన ఆధారం 51వ అధికరణమే తప్ప జాతి నిర్మూలన ఒప్పందం కాదని రాతపూర్వకంగా తెలిపింది. దాడి ఆపాలని న్యాయస్థానం మార్చి 16న 13–2తో తాత్కాలిక ఆదేశమిచ్చింది. రష్యా ఆపలేదు.