బల్ల మీంచి సర్వర్‌లోకి

1989లో ఎడ్ ఐకోబుచీ ఐబీఎం నుంచి బయటికొచ్చారు. అక్కడ ఓఎస్/2 ఆపరేటింగ్ సిస్టమ్ తయారీలో ఆయన ముఖ్యులు. ఒకే కంప్యూటర్ మీద పలువురు ఒకేసారి పనిచేసుకునేలా దాన్ని మలచాలని ఆయన పట్టుదల. ఐబీఎం ఆసక్తి చూపలేదు. దాంతో సొంతంగా సిట్రిక్స్ స్థాపించారు. ఇవాళ కార్పొరేట్ ఆఫీసుల్లో, ఉద్యోగుల డెస్క్‌టాప్‌లను సర్వర్‌లోనే నడిపించే వర్చువల్ డెస్క్‌టాప్ ఇంజనీర్ అనే ఉద్యోగం ఉందంటే దాని వేళ్లు చాలావరకు అక్కడున్నాయి.

ఆలోచన అంతకు ముందే ఉంది. 1972లో ఐబీఎం ప్రకటించిన వీఎం/370 ఒక పెద్ద యంత్రాన్ని పంచి, టెర్మినల్ ముందున్న ప్రతి ఒక్కరికీ సొంత యంత్రం ఉన్నట్టే చూపించేది. రిపేరు పనంతా కంప్యూటర్ గదిలోనే జరిగేది. 1981 ఆగస్టులో అదే ఐబీఎం పీసీని తెచ్చాక లెక్క మారింది. ప్రతి బల్ల మీదా ఒక డిస్కు, ప్రతి డిస్కులో ఒక సాఫ్ట్‌వేర్, దేని జబ్బు దానిదే. డెస్క్‌టాప్ సపోర్ట్ అనే వృత్తి అక్కడ పుట్టింది.

మొదట్లో అది ఒళ్లు హూనమయ్యే పని. విండోస్ 95ను ఫ్లాపీల మీద కొంటే 13 ఫ్లాపీలు వచ్చేవి. ఒక్కోటీ మారుస్తూ ఎక్కించాలి, చివరి ఫ్లాపీ చదవకపోతే మళ్లీ మొదటికి రావాలి. ఈ బాధను తగ్గించింది న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్‌లో తయారైన ఘోస్ట్. ఒక పీసీని చక్కగా సిద్ధం చేసి, దాని డిస్కు మొత్తాన్ని ఇమేజ్‌గా తీసి, మిగతావాటి మీద దించేయడమే. 1998లో సిమాంటెక్ దాన్ని కొనేసింది. అయితే నకలు దించిన పీసీలన్నీ ఒకే పేరుతో నెట్‌వర్క్‌లోకి వచ్చేవి. ఒక్కోదాని దగ్గరికీ వెళ్లి పేరు మార్చాల్సిందే.

ఈలోగా సిట్రిక్స్ చావు అంచుదాకా వెళ్లొచ్చింది. ఓఎస్/2 మీద కట్టిన మొదటి ఉత్పత్తి బయటికొచ్చే సమయానికి మైక్రోసాఫ్ట్ ఓఎస్/2ను వదిలేసి విండోస్ వైపు తిరిగింది. సిట్రిక్స్ కూడా దారి మార్చుకుని, విండోస్ ఎన్‌టీ 3.51 మీద 1995లో విన్‌ఫ్రేమ్ తెచ్చింది. ప్రోగ్రాం సర్వర్‌లో నడుస్తుంది. ఉద్యోగి దగ్గరికి తెర మీద మారిన బొమ్మ మాత్రమే వస్తుంది, అతని కీబోర్డు, మౌస్ కదలికలు తిరిగి వెళ్తాయి. ఫోన్ మోడెమ్ మీద కూడా పనిచేసేంత తేలిక. 1997 ఫిబ్రవరిలో, ఇలాంటిదే తామూ సొంతంగా చేస్తామని మైక్రోసాఫ్ట్ చెప్పగానే సిట్రిక్స్ షేరు ఒక్కరోజులో సగానికి పైగా పడిపోయింది. మే నెలలో రాజీ కుదిరింది. 17.5 కోట్ల డాలర్ల దాకా వచ్చే ఆ ఒప్పందంతో సిట్రిక్స్ సాంకేతికత మైక్రోసాఫ్ట్ చేతికెళ్లి, 1998లో ఎన్‌టీ 4.0 టెర్మినల్ సర్వర్ ఎడిషన్ అయింది.

ఇంజనీర్లకు అసలు పరీక్ష ఆ తర్వాతే. ఎన్‌టీ 4.0లో ప్రింటర్ డ్రైవర్లు ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్‌లోనే నడిచేవి. బ్రాంచిలో ఎవరో చవక ప్రింటర్ తగిలిస్తే దాని డ్రైవర్ సర్వర్‌లోకి చేరేది. అది చెడిపోతే నీలం తెర వచ్చేది ఆ ఒక్కరికి కాదు, ఆ సర్వర్ మీద పనిచేస్తున్న అందరికీ. అంతవరకు ఒక బల్లకే పరిమితమైన తప్పు ఇప్పుడు అంతస్తు మొత్తాన్ని ఆపేస్తోంది. ఈ వృత్తి చరిత్రలో కీలకమైన మలుపు ఇదే. చెడిపోయాక బాగుచేయడం కన్నా, దేన్ని లోపలికి రానివ్వాలో ముందే తేల్చుకోవడం ఇంజనీరు పనైంది. అనుమతించిన డ్రైవర్ల జాబితా రాసుకుని, దాన్ని దాటనివ్వకుండా కాపలా కాసినవాళ్లే ఆ రోజుల్లో నెగ్గుకొచ్చారు.

హైదరాబాద్‌లో సైబర్ టవర్స్ మొదలైందీ 1998 నవంబర్‌లోనే. అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల బోర్డుల మీద మైక్రోసాఫ్ట్ సర్టిఫికెట్ కోర్సు ఎంసీఎస్‌ఈ, ఆ తర్వాత సిట్రిక్స్, వీఎంవేర్ పేర్లు వెలిశాయి. అమెరికా, ఐరోపా ఆఫీసుల తెరలను రాత్రి షిఫ్టుల్లో ఇక్కడినుంచి చూసుకునే తరం తయారైంది. ఆ తరం కష్టానికి దక్కాల్సినంత గుర్తింపు దక్కలేదు.

1998లోనే పుట్టిన వీఎంవేర్ ఇంకో దారి తెరిచింది. సర్వర్‌ను అందరూ పంచుకునే బదులు, ఒక్కో ఉద్యోగికి ఒక్కో వర్చువల్ మెషీన్, అందులో సొంత విండోస్. ప్రింటర్ డ్రైవర్ గొడవ ఒకరిదగ్గరే ఆగింది కానీ, ఉదయం తొమ్మిదింటి గొడవ మొదలైంది. అందరూ ఒకేసారి లాగిన్ అయితే వందల విండోస్‌లు ఒకే స్టోరేజీ మీద పడతాయి. తిరిగే హార్డ్ డిస్కు, ఎంత ఖరీదైనదైనా, సెకనుకు ఓ 200 పనులు చేయడమే గగనం. లాగిన్‌కు నిమిషాలకు నిమిషాలు పట్టేది. తెల్లవారుజామునే మెషీన్లను ముందుగా లేపి ఉంచడం ఇంజనీర్లు పట్టిన చిట్కా. ఫ్లాష్ స్టోరేజీ చవకయ్యాక గానీ ఈ పీడ వదల్లేదు.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చినప్పుడు వర్చువల్ డెస్క్‌టాప్ ఉన్న కంపెనీల పని తేలికైంది, లేనివాళ్లు డెస్క్‌టాప్‌లను వ్యాన్లకెక్కించి ఉద్యోగుల ఇళ్లకు పంపారు.

2024 జూలై 19, శుక్రవారం. మన టైము ప్రకారం ఉదయం 9.39కి క్రౌడ్‌స్ట్రైక్ భద్రతా సాఫ్ట్‌వేర్‌కు ఒక లోపభూయిష్టమైన ఫైలు విడుదలైంది. మైక్రోసాఫ్ట్ లెక్కలో 85 లక్షల విండోస్ యంత్రాలు నీలం తెరకెళ్లాయి. హైదరాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. ఫైలును వెనక్కి తీసుకోవడానికి గంటన్నర కూడా పట్టలేదు కానీ, అప్పటికే పడిపోయిన యంత్రాలు నెట్‌వర్క్‌లోకి రాలేవు కాబట్టి దూరంనుంచి బాగుచేసే వీల్లేదు. సేఫ్ మోడ్‌లోకి వెళ్లి ఆ ఒక్క ఫైలును తీసేయాలి. డిస్కుకు బిట్‌లాకర్ తాళం ఉంటే ముందు 48 అంకెల కీ కొట్టాలి. ఇంటినుంచి పనిచేసే ఉద్యోగికి ఇంజనీరు ఆ అంకెలను ఫోన్లో ఆరేసి చొప్పున చదివి వినిపించాల్సి వచ్చింది. వర్చువల్ మెషీన్లయితే డిస్కును విడదీసి, ఇంకో మెషీన్‌కు తగిలించి, ఫైలు తీసేసి మళ్లీ అతికించారు. లేదా ముందురోజు స్నాప్‌షాట్‌కు వెనక్కి తెచ్చారు.

ఆ ఏడాది నవంబర్‌లో మైక్రోసాఫ్ట్ క్విక్ మెషీన్ రికవరీని ప్రకటించింది. బూట్ కాని విండోస్‌ను కూడా, ఎవరూ దాని దగ్గరికి వెళ్లకుండానే సరిచేయడం దాని ఉద్దేశం.