అయిందట్రా? ఊపిరి తీసుకోవచ్చా?

మా ఇంట్లో రెండు ఫోటోలున్నాయి. రెండూ చెడిపోయినవే.

మొదటిది 1930ల నాటిది. తెనాలి నుంచి ఎడ్లబండి మీద పెట్టె కెమేరా, నల్లగుడ్డ వేసుకుని వచ్చిన ఫోటోగ్రాఫరు మా ముత్తాతగారి ఇంటి ముందు, పందిరి కింద తీసిన కుటుంబ చిత్రం. కుర్చీల్లో పెద్దలు, వెనక నిలబడిన ఆడవాళ్ళు, ముందు చాప మీద బాసింపట్టు వేసుక్కూర్చున్న పిల్లలు. అందరి ముఖాలూ చెక్కినట్టున్నాయి, ఒక్కరిది తప్ప. ఎడమ చివర కూర్చున్న అయిదేళ్ళ పిల్లవాడి తల ఉండవలసిన చోట తెల్లని మసక ముద్ద ఉంటుంది. అతడు మా అమ్మమ్మకు అన్న. ఆ మరుసటి ఏడే జ్వరంతో పోయాడు. అతని ఫోటో మరొకటి లేదు. అమ్మమ్మ ఆ ముద్ద మీద వేలు పెట్టి, "వీడే మా అన్నయ్య. ఈగ వాలిందని తల విదిలించాడు" అనేది.

రెండవది 2006 సంక్రాంతికి నేను తీసినది. అప్పుడే కొన్న చిన్న డిజిటల్ కెమేరా చేతిలో ఉంది. సాయంత్రం వసారాలో, ట్యూబులైటు కింద, అమ్మమ్మ పడక్కుర్చీలో కూర్చుంది. ఫ్లాషు పడితే కళ్ళు చికిలిస్తుందని దాన్ని ఆపేశాను. ముఖం దగ్గరగా రావాలని జూము పూర్తిగా లాగాను. రెండు చేతులూ ముందుకు చాచి, తెరలో చూస్తూ మీట నొక్కాను. తెర మూలన ఎర్రగా చెయ్యి వణుకుతున్న గుర్తొకటి వెలిగింది. దాని అర్థం నాకప్పటికి తెలియదు. అమ్మమ్మ మాత్రం పాతకాలపు మనిషి. ఫోటో అనగానే వెన్ను నిటారుగా పెట్టి, చేతులు మోకాళ్ళ మీద ఉంచి, ఊపిరి బిగబట్టింది. కాసేపటికి "అయిందట్రా? ఊపిరి తీసుకోవచ్చా?" అని అడిగింది. అప్పటిదాకా రెప్పయినా వేయలేదు.

కెమేరా తెర మీద బొమ్మ బాగానే కనబడింది. ఆ వేసవిలో ఆమె పోయాక, పెద్దది చేయించి పటం కట్టిద్దామని కంప్యూటరులో తెరిచి చూస్తే ముఖమంతా అలుక్కుపోయి ఉంది. ముక్కుపుడక మెరుపు చిన్న గీతలా సాగింది. వెనక గోడ మీది గడియారపు అంకెలు కూడా సరిగ్గా అదే దిక్కుకు, అంతే పొడవున సాగాయి. గోడ గడియారం కదలదు కదా! అంటే కదిలింది అమ్మమ్మ కాదు, నేను.

ఈ రెండు మసకలకూ మధ్య డెబ్భై ఏళ్ళ దూరం ఉంది. మొదటి దానిలో తప్పు కూర్చున్నవాడిది, రెండవ దానిలో తప్పు తీసినవాడిది. ఈ తేడా ఎక్కడినుంచి వచ్చిందో వెతుక్కుంటూ పోతే, ఛాయాచిత్ర చరిత్రలో సగభాగం ఒకే ప్రశ్న చుట్టూ తిరిగినట్టు నాకు తోచింది: కదలకుండా ఉండవలసిన భారం ఎవరు మొయ్యాలి?

మొదట్లో ఆ భారం ప్రపంచానిదే. ఫ్రాన్సులో నిసెఫోర్ నియెప్స్ 1826-27 ప్రాంతంలో తన ఇంటి కిటికీ నుంచి తీసిన దృశ్యం, కెమేరాతో తీసి నిలబడినవాటిలో మనకు మిగిలిన అతి పాత చిత్రం. తారు వంటి పదార్థం పూసిన లోహపు రేకు మీద అది పడడానికి కనీసం ఎనిమిది గంటలు పట్టిందని చాలాకాలం చెప్పుకున్నారు. కొన్ని రోజులు పట్టి ఉంటుందని తర్వాతి పరిశోధకులు కొందరు అన్నారు. అందులో ఎదురెదురు గోడల మీద ఎండ ఒకేసారి పడుతూ కనిపిస్తుంది. తీసే లోపల సూర్యుడే కదిలిపోయాడన్నమాట!

1838లో డగేర్ పారిస్‌లోని బులెవార్ ద్యు టాంప్ల్ అనే వీథిని పైనుంచి చిత్రించాడు. బండ్లతో, జనంతో కిటకిటలాడే వీథి అది. చిత్రంలో మాత్రం దాదాపు నిర్మానుష్యం. కొన్ని నిమిషాల పాటు రేకుకు వెలుతురు తగలాలి గనుక నడిచేవాడెవడూ ఒక్కచోట చాలినంతసేపు నిలవలేదు. ఒక్కడు మాత్రం స్పష్టంగా పడ్డాడు, బూటు పాలిషు చేయించుకుంటూ ఒంటికాలి మీద నిలుచున్నవాడు. టెలిగ్రాఫు మోర్స్ 1839లో ఈ చిత్రాన్ని చూసి, కదిలే వస్తువుల జాడ పడలేదన్న సంగతిని తన లేఖలో ప్రత్యేకించి రాశాడు. ఛాయాచిత్రంలోకి మనిషి ప్రవేశించిన తొలి సందర్భాలలో ఇదొకటి. నిశ్చలంగా ఉన్నందుకే అతనికి ఆ చోటు దక్కింది.

ఆ తర్వాత ముఖచిత్రాల యుగం వచ్చింది. 1840లో పెట్‌జ్వాల్ లెక్కగట్టిన కటకం వెలుతురును అంతకు ముందరి వాటికన్నా ఎన్నో రెట్లు ఎక్కువగా లోపలికి తెచ్చి, నిమిషాలను సెకన్లలోకి దించింది. 1851లో ఆర్చర్ ప్రకటించిన తడి కొలోడియన్ పద్ధతి దాన్ని మరింత తగ్గించింది. అయినా కొన్ని సెకన్లు శిలలా కూర్చోవడం మాటలా? అందుకే స్టూడియోలలో కుర్చీ వెనక ఇనుప ఊచకు అమర్చిన పట్టుకొమ్మలుండేవి. కూర్చున్నవారి తల వెనకభాగాన్ని అది పట్టి ఆపేది. ఆనాటి ఫోటోలలో ఎవరూ నవ్వకపోవడానికి ఇదీ ఒక కారణం. నవ్వును నిలబెట్టడం కష్టం, గాంభీర్యాన్ని నిలబెట్టడం తేలిక.

మన ప్రాంతానికి వస్తే లాలా దీన్‌దయాళ్‌ను తలచుకోకుండా ఉండలేం. 1844లో మీరట్ దగ్గరి సర్ధనాలో పుట్టి, రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇండోరులో ప్రజాపనుల శాఖలో ఉద్యోగం చేసిన ఆయన 1880లలో ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్‌కు ఆస్థాన ఛాయాగ్రాహకుడయ్యాడు. సికింద్రాబాదులో స్టూడియో నడిపాడు. 1892లో పరదా స్త్రీల కోసం హైదరాబాదులో ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిపించి, దాన్ని ఒక ఆంగ్ల మహిళకు అప్పగించాడు. దర్బారులు, వేటలు, కోటలు, కుటుంబాలు, అన్నీ గాజు పలకల మీద పట్టాడు. వాటిలో అనేకం నేడు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో భద్రంగా ఉన్నాయి. పదుల మంది ఉన్న చిత్రంలో కూడా ఆయన పనితనం చెక్కుచెదరదు. ముక్కాలి మీద నిలిపిన బరువైన కెమేరా ఎలాగూ కదలదు. మిగిలింది మనుషులను నిలపడమే. మా తాతల కాలం ఫోటోగ్రాఫర్లు "కదలకండి, రెప్ప వేయకండి" అని అరవడం ఆ పరంపరలోదే. అమ్మమ్మ ఊపిరి బిగబట్టడం నేర్చింది అక్కడే.

ఈ భారం మనుషుల మీదినుంచి దిగడం 1871తో మొదలైంది. ఆ ఏడు ఇంగ్లండులో మాడక్స్ అనే వైద్యుడు జెలటిన్ పూసిన పొడి పలకల ఆలోచనను ప్రకటించాడు. ఇతరులు దాన్ని మెరుగుపరచగా, పదేళ్ళలోనే ఎండలో సెకనులో చిన్న భాగం చాలే స్థితి వచ్చింది. ఈలోగా 1878లో కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో మయ్‌బ్రిడ్జ్ వరుసగా పన్నెండు కెమేరాలు నిలిపి పరుగెత్తే గుర్రాన్నే నిలబెట్టాడు. 1887లో జర్మనీలో మెగ్నీషియం మెరుపు పొడి తయారైంది. 1888లో ఈస్ట్‌మన్ కొడాక్ పెట్టె వచ్చింది, ముక్కాలి లేకుండా చేత్తో పట్టుకుని తీయడానికి. 1925లో లైకా వచ్చేసరికి కెమేరా జేబులో పట్టేంతటిదయింది.

కూర్చున్నవాడికి విముక్తి లభించింది. ఆ క్షణం నుంచే భారం తీసేవాడి చేతుల మీదికి మారింది. 1944 జూన్ 6న నార్మండీ తీరంలో సైనికులతో పాటు నీళ్ళలోకి దిగిన రాబర్ట్ కాపా తీసిన ప్రసిద్ధ చిత్రం చెదిరిపోయి ఉంటుంది. ఉద్వేగంలో కెమేరా కదిలిందని అచ్చువేసిన లైఫ్ పత్రిక వ్యాఖ్యానించింది. కాపా 1947లో తన యుద్ధ జ్ఞాపకాలకు 'స్లైట్లీ అవుట్ ఆఫ్ ఫోకస్' అని పేరు పెట్టుకున్నాడు. తుపాకుల ముందు వణికిన చేతికి ఆ మసక అలంకారమే. వసారాలో అమ్మమ్మ ముందు వణికిన నా చేతికి అలాంటి సాకేమీ లేదు.

అయినా కంటికి ఆనించి చూసే కెమేరాలు మనకు తెలియకుండానే మేలు చేసేవి. వెనకభాగం బుగ్గకు తగిలేది, మోచేతులు పక్కలకు చేరేవి, శరీరమే ముక్కాలి అయ్యేది. 1995లో కాసియో క్యూవీ 10 వెనకవైపు ఎల్.సి.డి. తెరతో వచ్చింది. ఆ తర్వాత పదేళ్ళలో తెర ప్రతి చిన్న డిజిటల్ కెమేరాకూ వచ్చేసింది, కంటికి ఆనించే కిటికీ క్రమంగా మాయమయింది. కెమేరా ముఖాన్ని వదిలి, చాచిన చేతుల చివరకు చేరింది. బరువు కూడా తగ్గింది. బరువు తగ్గితే మంచిదే అనుకుంటాం గాని, తేలిక వస్తువు మీట నొక్కిన అదురుకే ఊగుతుంది.

లోపల మరో ఇబ్బంది ఉంది. ఆ కెమేరాలలో చాలావాటి సెన్సరు వైశాల్యం పాత 35 మిల్లీమీటర్ల ఫిల్ము చట్రంలో ముప్ఫై అయిదో వంతు మాత్రమే. దాని మీద పడే వెలుతురూ అంతే. సున్నితత్వం, అంటే ఐ.ఎస్.ఓ., పెంచితే బొమ్మ ఇసుక చల్లినట్టవుతుంది. అందువల్ల కెమేరా షట్టరును ఎక్కువసేపు తెరుస్తుంది. ఎండతో పోలిస్తే ట్యూబులైటు గదిలో వెలుతురు కొన్ని వందల రెట్లు తక్కువ. మన కన్ను సర్దుకుంటుంది గనుక ఆ సంగతి మనకు తట్టదు. జూము పూర్తిగా లాగితే చాలా కెమేరాలలో లోపలికి వచ్చే వెలుతురు మూడోవంతుకు పడిపోతుంది, వణుకు మాత్రం మూడింతలు పెద్దదై కనబడుతుంది.

ఫిల్ము కాలం నుంచి వాడుకలో ఉన్న సూత్రం ఒకటుంది. 35 మి.మీ. లెక్కలో కటకం నాభ్యంతరం ఎంతో, చేత్తో తీసేటప్పుడు షట్టరు కాలం సెకనులో అన్నో వంతుకు మించరాదు. నా జూము చివర 105. అంటే సెకనులో సుమారు నూరోవంతు కావాలి. ఫైలులో కెమేరా రాసిపెట్టిన వివరాలు చూస్తే ఆ రోజు అది తీసుకున్నది ఆరోవంతు. ఉండదగినదానికి పదహారు పదిహేడు రెట్లు! డగేర్ కాలానికి నేను తెలియకుండానే కొంత వెనక్కి నడిచి, ముక్కాలిని మాత్రం వెంట తీసుకుపోలేదు.

కనుక మిత్రులారా, సొరుగులో ఇంకా అలాంటి కెమేరా ఉన్నవారి కోసం నేను ఆలస్యంగా నేర్చుకున్నది చెబుతాను. ముందు మసక జాతి తెలుసుకోండి. బొమ్మంతా ఒకే దిక్కుకు సాగితే చెయ్యి కదిలింది. గోడ స్పష్టంగా ఉండి మనిషి మాత్రం అలుక్కుపోతే మనిషి కదిలాడు. మనిషి మెత్తగా, వెనక గోడ స్పష్టంగా ఉంటే ఫోకసు తప్పింది.

చెయ్యి కదిలితే మోచేతులు పక్కలకు ఆనించి, వీపు స్తంభానికి చేర్చి, సగం ఊపిరి వదిలాక మీటను మెల్లగా నొక్కాలి. ఇంకా మంచిది, బియ్యం పోసిన చిన్న గుడ్డసంచిని బల్ల మీద పెట్టి దానిలో కెమేరాను కుదేసి, రెండు సెకన్ల టైమరు పెట్టడం. మీట నొక్కిన అదురు ఆ లోపల చల్లారిపోతుంది. మనిషి కదిలితే వెలుతురే మందు. కిటికీ దగ్గరకు పిలవండి, లేదా మూడు మీటర్ల లోపల ఉంటే ఫ్లాషు వాడండి. ఫోకసు తప్పితే మీటను సగం నొక్కి, ఆకుపచ్చ గుర్తు నిలిచాక మిగతా సగం నొక్కండి. జూము లాగే బదులు రెండడుగులు ముందుకు వేయండి. చిన్న తెరను నమ్మకుండా, తీసిన వెంటనే ముఖాన్ని పెద్దది చేసి చూడండి.

వణుకును దిద్దే కటకాలు 1994 నుంచి సామాన్యుల కెమేరాలలోకి వచ్చాయి. నేటి ఫోనులు ఒకే క్షణంలో అనేక బొమ్మలు తీసి ఒకటిగా కూర్చుతాయి. భారం మళ్ళీ చేతులు మారి యంత్రం మీదికి పోతోంది. అయినా మసక వెలుతురులో ఆడుకునే పిల్లవాడిని అవి కూడా ఇంకా పూర్తిగా నిలపలేవు.

అమ్మమ్మ ఫోటోను సరిచేయించమని కొందరు సలహా ఇచ్చారు. చేయించలేదు. ఆ పక్కనే ఆమె అన్న ఉన్న పాత చిత్రాన్నీ పటం కట్టించి పెట్టాను. ఈగ వాలినందుకు అన్న, మనవడి చేతకానితనానికి చెల్లెలు, ఇద్దరూ అలుక్కుపోయారు. కాని ఒక్కటి మాత్రం చెప్పాలి. ఆమె తన వంతు భారం చివరిదాకా మోసింది. అయిందో లేదో నేను చెప్పేదాకా ఊపిరి కూడా తీసుకోలేదు.

మీ ఇళ్ళల్లోనూ ఇలాంటి మసక ముఖాలుండే ఉంటాయి. వాటిని గుర్తుపట్టగలిగిన పెద్దలు ఇంకా ఉంటే ఇవాళే అడిగి, పేర్లు ఫోటో వెనక రాసిపెట్టండి. ఆ పెద్దలను కిటికీ పక్కన కూర్చోబెట్టి మరో ఫోటో కూడా తీయండి. ఈసారి ఊపిరి మీరు బిగబట్టండి.