ప్రదక్షిణపథమున చిత్రదర్శనము

పరిటాల మీదుగా హైదరాబాదు బాటను పడమరగా సాగి, నందిగామ దాటి, జగ్గయ్యపేట చెంతనున్న ధనంబోడు గుట్ట నెక్కువాడు ఒక ప్రాచీన చిత్రశాల పునాదులపై నిలుచుచున్నాడని నా నిశ్చితాభిప్రాయము. ఏలయన, అచ్చటి బౌద్ధస్తూపమునకు ప్రదక్షిణము చేయు యాత్రికులు శిలాఫలకముల నొక్కొక్కటిగా దర్శించుచు ఒకే దిశగా నడచుచుండిరి; అపరిచితులను సహచరులనుగా మార్చిన కూర్పు ఆ నడకయే. మాంధాత చక్రవర్తి చేయెత్తగా మేఘములనుండి చదరపు నాణెములు కురియుచున్న ఫలకము నెదుట, కథ తెలిసినవాడు తెలియనివానికి చెప్పక యుండగలడా! ఇక్ష్వాకు వీరపురుషదత్తుని 20వ పాలనావత్సరమున తూర్పు ద్వారముకడ స్తూపవేదికపై నిలుపు ఆయకస్తంభముల నైదింటిని స్థాపించిన సిద్ధార్థుడను శిల్పి, తన పేరును సయితము రాతిపై వ్రాయించి, రాబోవు చూపరులను తానే పలుకరించెను.

1882లో పురాతత్త్వవేత్త బర్జెసు జరిపిన త్రవ్వకముల పిదప ఫలకములు చెన్నపట్టణపు మ్యూజియమునకు చేరినవి. ధనంబోడుపై చుట్టుబాట మాత్రము మిగిలినది.