బడి గడప – ప్రధానోపాధ్యాయుని బాధ్యత

చూపులేని బిడ్డ, వినికిడి లేని బిడ్డ, నడవలేని బిడ్డ బడి వాకిట నిలిచినపుడు లోనికి పిలువవలసినది ఎవరు? మన విద్యాచరిత్ర ఈ ప్రశ్నకు సమాధానం చెప్పడానికి డెబ్బది యేండ్లకు పైగా పట్టింది.

1944 నాటి సార్జెంట్ నివేదిక, లోపం తీవ్రమైతే తప్ప ఇట్టి పిల్లలను తక్కిన పిల్లలనుండి వేరుచేయరాదన్నది. 1964-66 నాటి కొఠారీ కమిషన్ ఆ భావాన్ని బలపరచింది. 1974లో కేంద్రప్రభుత్వం సమీకృత విద్యాపథకాన్ని ఆరంభించి పుస్తకాలకు, రాకపోకలకు ధనసహాయం కల్పించింది. 1986 జాతీయ విద్యావిధానం స్వల్పవైకల్యం గలవారికి అందరితోబాటే చదువన్నది. కాని సాధ్యమైనచోట మాత్రమే నన్నది.

చిక్కంతా ఆ చిన్నమాటలో ఉన్నది. సాధ్యాసాధ్యాలను తేల్చేది ప్రధానోపాధ్యాయుడే గదా! నిబంధనలకే కట్టుబడినవాడు బడిమెట్లను చూపి అసాధ్యమంటాడు. ఆజ్ఞలతో బడి నడిపేవాడు బిడ్డను చేర్చుకొని, భారమంతా తరగతి ఉపాధ్యాయునిపై వదలుతాడు. పేరు హాజరుపట్టీకి ఎక్కుతుంది, చదువు వెనుకబల్లమీదనే నిలిచిపోతుంది. మూడవవాడు తోటి ఉపాధ్యాయులను, తల్లిదండ్రులను కూర్చుండబెట్టి, మేడమీది తరగతిని క్రిందికి దింపవచ్చునా అని అడుగుతాడు. పైసా ఖర్చులేని ఆ ప్రశ్నతో ఒక బిడ్డకు చదువు దక్కుతుంది.

1994లో స్పెయిన్ దేశపు సలమాంకా నగరంలో 92 ప్రభుత్వాల ప్రతినిధులు సమావేశమైనారు. బడి అంతటా సద్భావాన్ని పెంపొందించే ప్రత్యేకబాధ్యత ప్రధానోపాధ్యాయులదని అక్కడి ప్రణాళిక స్పష్టం చేసింది. మన 2016 నాటి చట్టం, ప్రభుత్వ సహాయమో గుర్తింపో గల విద్యాసంస్థలు వివక్ష లేకుండ పిల్లలను చేర్చుకొనాలని, భవనాలను వారికి అనువుగా ఉంచాలని విధించింది. 1995 చట్టంలో ఏడుగా ఉన్న వైకల్యాలు ఇందులో 21 అయినవి. అంతకుముందు దయగా ఉన్నది విధిగా మారింది.

ఆ విధి లేని రోజులలో తలుపు తెరవడం ఎంత కష్టమో బొల్లా శ్రీకాంత్ చరిత్ర చెబుతుంది. పదవ తరగతి ముగిసిన పిదప విజ్ఞానశాస్త్రం చదువబోతే, చూపులేదన్న కారణాన నిబంధన అడ్డువచ్చింది. న్యాయస్థానానికి వెళ్లి అనుమతి సాధించినారు. 2009లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో చేరినారు. ప్రతి బిడ్డా న్యాయస్థానం మెట్లెక్కగలదా?

నస్పూర్ గనికార్మికుల వాడలలోనైనా, ఆదిలాబాదు అడవిపల్లెలలోనైనా ఈ నిర్ణయం బడిలోనే జరుగుతుంది. తెలంగాణ మండలాలలో భవిత కేంద్రాలు ఇట్టి పిల్లలకు తోడ్పడుతున్నవి. అవి బడికి వంతెనలు. బడికి బదులు కావు. బిడ్డను అక్కడికి పంపి చేతులు దులుపుకొనే ప్రధానోపాధ్యాయుడు వంతెన ఆవలి తలుపు మూసినవాడే అవుతాడు.