పూనిక – పూనకము

శాస్త్రవ్యాసములు వ్రాయువారికి ‘విచారింపబూనితిమి’ అనుట పరిపాటి. మేమును ఈ వ్యాసమున పూనకమను పదమును విచారింపబూనితిమి. చిత్రమేమన, ఈ రెండు మాటలకును ధాతువొక్కటే. మొదటిది ఎఱిగి తలపెట్టిన పని. రెండవది ఒడలెఱుగక జరుగునది. పరస్పరవిరుద్ధములైన ఈ యర్థములకు ఒకే ధాతువు ఎట్లు చోటిచ్చినది?

పూను ధాతువునకు ప్రధానార్థము వహించుట, మీద వేసికొనుట. వ్రతము పూనుట, భారము పూనుట, ప్రతిన పూనుట అను ప్రయోగములు ఇట్టివి. రథమునకు గుఱ్ఱములను కట్టుటను పూన్చుట యనుట కావ్యపాఠకులకు పరిచితమే. మనుష్యుడు పనిని తనపై వేసికొన్నచో అది పూనిక. దేవత మనుష్యుని వహించినచో అది పూనకము. ధాత్వర్థము మారలేదు, కర్త మారినాడు. ‘ఆమె వ్రతము పూనినది’ అన్నపుడు ఆమెయే కర్త. ‘ఆమెకు అమ్మవారు పూనినది’ అన్నపుడు కర్తృత్వము అమ్మవారిది. ఆమె కు ప్రత్యయముతో ప్రక్కకు తొలగినది.

ఈ తొలగుట మన భాషకు సహజగుణము. తుమ్ము, ఆవులింత, నిద్ర, ఏడ్పు అన్నియు మనకు ‘వచ్చును’. ‘నేను నవ్వితిని’ అనుటకును, ‘నాకు నవ్వు వచ్చినది’ అనుటకును గల భేదము పసివారికిని తెలియును. నిండుసభలో నవ్వి క్షమాపణ కోరువాడు రెండవ వాక్యమునే ఎన్నుకొనును! సంకల్పము లేని క్రియను తెలుపుటకు అప్రయత్నము, అసంకల్పితము మున్నగు సంస్కృతపదములను తరువాత తెచ్చుకొంటిమి. పాఠ్యపుస్తకములందలి ‘అసంకల్పిత ప్రతీకారచర్య’ వాటిలో నొకటి. ప్రతీకారమనగా పగ తీర్చుకొనుటయే యని యెఱిగిన బాలునకు, వేడి గిన్నె తగిలి చేయి వెనుకకు తీసికొనుట ఎవరిపై పగయో బోధపడదు. ఆవేశ శబ్దమునకు మొదటి యర్థము ప్రవేశించుట. నేటి వాడుకలో అది కోపోద్రేకముగా పరిణమించినది. లోనికి వచ్చినదెవరో ఆ మాట మఱచినది. పూనకము మఱువలేదు.

బాలాపూరు మొదలు శంషాబాదు వఱకు గల గ్రామములను భాగ్యనగరము చాలవఱకు తనలో కలుపుకొన్నది. 2008లో విమానాశ్రయమును వచ్చినది. అయినను ఈ ప్రాంతమున ఆషాఢమాసపు బోనాలు మానలేదు, సిగమను మాటయు పోలేదు. పూనకము వచ్చుటను తెలంగాణమున సిగమూగుట యందురు. పవడము–పగడము, పవలు–పగలు అనువానియందువలె వకార గకారములు మారి, శివమే సిగమైనదని మా యూహ. శివమెత్తుట, శివాలెత్తుట, శివసత్తి యను మాటలు ఈ యూహకు తోడ్పడుచున్నవి. ఇచ్చటను ఊగునది మనుష్యదేహమే కాని పేరు దైవముది.

ఈ కర్తృభేదమువలన కలుగు ఫలమును సికింద్రాబాదు ఉజ్జయినీ మహాకాళి సన్నిధిని చూడవచ్చును. 1813నాటి కలరాకు భీతిల్లి మ్రొక్కుకొన్న సురటి అప్పయ్య, 1815లో ఈ దేవతను ప్రతిష్ఠించెనని సంప్రదాయము. బోనాల మఱునాడు ఇచ్చట రంగము జరుగును. ఒక స్త్రీ పచ్చికుండపై నిలిచి భవిష్యవాణి పలుకును. వానలను గూర్చి, రోగములను గూర్చి చెప్పుటయే కాక, పూజలలో లోపము కలదని పెద్దలను మందలించుటయు కలదు. 2014లో బోనాలు రాష్ట్రోత్సవమైనవి. తక్కిన దినములలో ఆ స్త్రీ యట్లు మాటలాడిన వినువారెవరు? ఆనాడు చేతులు జోడించి విందురు. పలుకు ఆమెది కాదు గనుక దోషమును ఆమెది కాదు.

ఇది నటనయని కొందఱు, వ్యాధియని కొందఱు తేల్చివేయుదురు. దేహమున జరిగినదేమో వైద్యులు విచారింతురుగాక. పదము చెప్పునది అది కాదు. మాట ఎవరిదో అది చెప్పుచున్నది. మా దృష్టిలో తెగని ముడి వేఱొకటి. రంగము నిర్ణీతదినమున, నిర్ణీతస్థలమున జరుగును. కుండపై కాలు మోపునది ఆమెయే. ఆ అడుగు పూనిక. ఆ తరువాతిది పూనకము. ఏ క్షణమున ఒకటి రెండవదైనదో చూపరులు చెప్పజాలరు.

సిగము దిగిన పిదప ‘ఏమి పలికితివి?’ అని యడిగినచో ఈ ప్రాంతపు స్త్రీలు ‘నాకేమెరుక’ అందురు. ఆ వాక్యమునను ఆమె కర్త కాదు.