తక్షశిలలో యోగులు, బహ్రెయిన్‌లో గ్రీకులు, ఒక చింతచెట్టు

మా ఆఫీసులో ఒకావిడ ఈ మధ్య గ్రీసు వెళ్ళొచ్చారు. ఏథెన్సు చూడ్డానికి కాదు. ఏదో చిన్న ద్వీపంలో వారం రోజుల యోగా శిబిరానికి. పొద్దున్నే సముద్రం ఎదురుగా ఆసనాలు, మధ్యాహ్నం మౌనం, రాత్రికి ఆలివ్ నూనెతో కూరలు. ఫోన్లు మొదటిరోజే తీసేసుకుని ఆఖరిరోజు ఇచ్చారట. ఆ ఆఖరిరోజు ఫోటోలు చూపిస్తూ, "మీ దేశపు విద్యే కదా, మీరెప్పుడూ వెళ్ళలేదా?" అని అడిగారు. గుదైబియాలో కోల్డ్ స్టోర్ పైన రెండో అంతస్తులో ఉంటూ, శుక్రవారం పొద్దున కూడా హారన్ల మోతకి లేచేవాణ్ణి నేను. యోగా కోసం ఇంకో ద్వీపానికి పోవాలని నాకెందుకు తోస్తుంది చెప్పండి? ఉంటున్నదే ద్వీపంలో :)

అన్నట్టు, గ్రీకు ద్వీపాలవాళ్ళకీ మన యోగులకీ పరిచయం ఇప్పటిది కాదు. రాతలో మిగిలినంతవరకూ చూస్తే అది క్రీ.పూ. 326లో, తక్షశిల ఊరిబయట మొదలైంది. ఊరి దగ్గర కొందరు బట్టల్లేకుండా తపస్సు చేసుకుంటున్నారనీ, ఎవరు పిలిచినా రారనీ, కావలసినవాళ్ళనే రమ్మంటారనీ అలెగ్జాండర్ విన్నాడు. తను వెళ్తే బాగుండదు, వాళ్ళని బలవంతంగా రప్పించినా బాగుండదు. అందుకని ఒనెసిక్రిటస్ అనే అతన్ని పంపాడు. ఇతనిది ఆస్టిపలేయా అనే చిన్న ద్వీపం. (ఏజినా అన్నవాళ్ళూ ఉన్నారు, అదీ ద్వీపమే.) సినిక్ తత్వవేత్త డయోజినీస్ శిష్యుడు కాబట్టి సన్యాసులతో మాట్లాడ్డానికి పనికొస్తాడనుకున్నారు కాబోలు.

అతను రాసిన పుస్తకం పోయింది. స్ట్రాబో అనే భూగోళకారుడు ఎత్తిరాసుకున్న భాగం మాత్రం మిగిలింది. ఊరికి ఇరవై స్టేడియాల దూరంలో, అంటే మూడున్నర కిలోమీటర్లు అనుకోండి, పదిహేనుమంది కనిపించారు. ఒకరు నించుని, ఒకరు కూర్చుని, ఒకరు పడుకుని. ఎవరి భంగిమలో వాళ్ళు సాయంత్రందాకా కదలకుండా ఉండి, చీకటిపడ్డాక ఊళ్ళోకి వెళ్ళేవారట. మధ్యాహ్నం పూట ఆ నేలమీద ఉత్తకాళ్ళతో నడవడం మామూలువాళ్ళ వల్ల కాదు, అంత ఎండ.

ఇందులో నన్ను ఆపేసేది ఆ మూడున్నర కిలోమీటర్లు. వీళ్ళు ప్రశాంతత కోసం సముద్రం దాటలేదు. ఊరికి నడిచి వెళ్ళొచ్చే దూరంలోనే ఉన్నారు.

అక్కడ రాళ్ళమీద పడుకున్న కలనోస్ అనే ఆయన, వచ్చినవాడి టోపీ, అంగీ, చెప్పులు చూసి నవ్వాడు. నా మాటలు వినాలంటే బట్టలు విప్పి ఈ రాళ్ళమీద పడుకో అన్నాడు. అందర్లోకీ పెద్దాయన దండమిస్ (స్ట్రాబో మండనిస్ అంటాడు) కలనోస్‌ని మందలించి, తనే మాట్లాడాడు. మాట్లాడింది ముగ్గురు దుబాసీల ద్వారా. భాష తప్ప ఇంకేమీ తెలియని ముగ్గురి నోళ్ళగుండా నా మాట నీకు చేరాలంటే, బురదలోంచి నీళ్ళు తేటగా రావాలని కోరుకున్నట్టే అన్నాడట ఆ పెద్దాయన. క్లయింటు చెప్పింది మేనేజరూ, మేనేజరు చెప్పింది ఇంకొకరూ చెప్పగా విని ప్రోగ్రాం రాసేవాళ్ళకి ఈ బాధ విడమర్చి చెప్పక్కర్లేదు.

తర్వాత ఆయన సోక్రటీసు, పైథాగరస్, డయోజినీస్ గురించి అడిగి తెలుసుకుని, మంచివాళ్ళే గానీ ప్రకృతికన్నా ఆచారాన్ని ఎక్కువ పట్టించుకున్నారు, లేకపోతే బట్టలు విప్పడానికి సిగ్గుపడరు కదా అని తేల్చేశాడు.

ఇక్కడ ఒక మాట. వీళ్ళు చేసింది ఇవాళ్టి యోగానే అని ఛాతీ విరుచుకోవడం నాకిష్టం లేదు. గ్రీకు రాతల్లో యోగా అన్న పేరు లేదు. వాళ్ళు ఏ సంప్రదాయం సన్యాసులో పండితులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. కష్టమైన ఆసనాల సంగతి వివరంగా చెప్పే హఠయోగ గ్రంథాలు చాలా శతాబ్దాల తర్వాతివి. మనవైపు చూడాలంటే శ్రీశైలం మల్లికార్జునస్వామి గుడి ప్రాకారం బయటివైపు చూడండి. విజయనగర కాలపు ఆ శిల్పాల్లో సిద్ధులు, యోగులు రకరకాలుగా ఒళ్ళు మెలివేసి కనబడతారు. చాలామంది దర్శనం క్యూలో పడి ఆ గోడ చూడకుండానే వచ్చేస్తారు. ఇక ఇవాళ చాపలమీద చేసే వరసలో చాలాభాగం 1930లలో మైసూరు రాజభవనంలో కృష్ణమాచార్య నేర్పినదాన్నుంచి, ఆయన శిష్యులు అయ్యంగార్, పట్టాభి జోయిస్‌ల చేతుల మీదుగా ప్రపంచానికి వెళ్ళింది. తక్షశిల నుంచి ఇక్కడిదాకా తిన్నగా గీత గీస్తే అది చరిత్ర కాదు.

సరే, తర్వాతేమయింది? అలెగ్జాండర్ ఇద్దర్నీ తనతో రమ్మన్నాడు. కానుకలు, బెదిరింపులు రెండూ పంపారు. దండమిస్ రెండూ తనకక్కర్లేదన్నాడు, అలెగ్జాండర్ కూడా వదిలేశాడు. కలనోస్ మాత్రం బయల్దేరాడు. ఇక్కడున్న సుఖాన్ని వదిలి, దేవుణ్ణి కాక ఇంకో యజమానిని కొలవడానికి పోయాడని సొంతవాళ్ళే అతన్ని తప్పుబట్టారని మెగస్తనీస్ రాశాడు. రెండేళ్ళకోసారి ఊరెళ్ళినప్పుడు, ఇంత మర్యాదగా కాకపోయినా, ఇదే మాట నేనూ వింటూంటాను. అందుకే అందరూ దండమిస్‌ని మెచ్చుకుంటూంటే నాకు కలనోస్ మీదికే మనసు పోతుంది. ఎందుకెళ్ళాడో నాకు తేలలేదు. నేర్పాలనుకున్నాడో, చూడాలనుకున్నాడో! లిసిమాకస్ లాంటి సేనానులు అతని దగ్గర కూర్చుని విన్నారని మాత్రం ఉంది.

పారశీక దేశంలో అతనికి జీవితంలో మొదటిసారి జబ్బు చేసింది. అప్పటికి 73 ఏళ్ళు. పథ్యం వద్దన్నాడు, చితి పేర్చమన్నాడు. అలెగ్జాండర్ ఎంత వారించినా వినలేదు. మంటలు అంటుకున్నాక కదలకుండా పడుకునే ఉన్నాడని చూసినవాళ్ళు రాశారు. తక్షశిల బయట రాళ్ళమీద పడుకున్నట్టే. పరాయిదేశంలో పోయిన మన మొదటి యోగా గురువు అతనే అంటే, పైన చెప్పిన జాగ్రత్తలన్నీ గుర్తుపెట్టుకుని, నేనొప్పుకుంటాను.

ఇప్పుడు బహ్రెయిన్ సంగతి. సింధునది మీదుగా సముద్రంలోకి దిగి పర్షియన్ గల్ఫ్‌కి చేరిన నౌకాదళానికి అధిపతి నియార్కస్, క్రీట్ ద్వీపం వాడు. అందులో పెద్ద చుక్కానిదారు మన ఒనెసిక్రిటసే. ఆ ప్రయాణంలోనే ఆండ్రోస్థెనీస్ అని ఇంకొకడున్నాడు, థాసోస్ ద్వీపం వాడు. తర్వాత అలెగ్జాండర్ అరేబియా తీరం చూసిరమ్మని పంపినవాళ్ళలో ఇతనొకడు. అలా గ్రీకులకి తెలిసిన ద్వీపమే టైలోస్, అంటే బహ్రెయిన్. కువైట్ దగ్గరి ఫైలకాకి ఏజియన్ సముద్రంలోని ఇకరోస్ పేరే పెట్టేశారు. ఇల్లు తలుచుకుని పెట్టుకున్న పేరేమో. మనవాళ్ళు గల్ఫ్‌లో హోటళ్ళకి గోదావరి అని పెట్టుకోవడం లేదూ?

టైలోస్‌లో గ్రీకు ఛాయలు తర్వాత కూడా మిగిలాయి. క్రీ.పూ. రెండో శతాబ్దంలో హిస్పావోసినీస్ అనే రాజు తరఫున 'టైలోస్, ద్వీపాల' అధికారిగా ఉన్న కెఫిసోడోరస్ వేయించిన గ్రీకు శాసనం ఇక్కడ దొరికింది. ఇంటినుంచి కారులో కొద్ది నిమిషాల దూరంలో ఉన్న నేషనల్ మ్యూజియంలో ఆనాటి సమాధుల సామాన్లు చూస్తుంటే ఏసీ చలి ఒక్కటే గుర్తుచేస్తుంది ఏ శతాబ్దంలో ఉన్నామో.

ఆండ్రోస్థెనీస్ పుస్తకమూ పోయింది. కానీ లెస్బోస్ ద్వీపానికి చెందిన థియోఫ్రాస్టస్ అతని పేరు చెప్పి టైలోస్ నీళ్ళ గురించి రాశాడు. చెట్లకి వానకన్నా ఇక్కడి ఉప్పటి ఊటనీళ్ళే మంచివట, వాన పడితే ఊటనీళ్ళు పెట్టి కడిగేవారట. పత్తిచెట్ల గురించి, ఇంకో చెట్టు గురించి కూడా రాశాడు. దాని చిన్నచిన్న ఆకులు పొద్దున్న విచ్చుకుని, మధ్యాహ్నానికి పూర్తిగా తెరుచుకుని, సాయంత్రం నెమ్మదిగా ముడుచుకుని రాత్రంతా అలాగే ఉంటాయి. ఆ చెట్టు చింతచెట్టని పండితుల అభిప్రాయం. చింత పుట్టింది ఆఫ్రికాలో, అరబ్బులు పెట్టిన పేరు 'తమర్ హిందీ', అంటే హిందూ దేశపు ఖర్జూరం. మొక్కలకి రాత్రీపగలూ తెలుస్తాయన్న సంగతి రాతలో కెక్కిన మొట్టమొదటి సందర్భంగా దీన్నే చెబుతారు. అలాంటి లోపలి గడియారాల మీద పరిశోధనకి 2017లో నోబెల్ బహుమతి వచ్చింది.

గ్రీకువాళ్ళు ఆ చెట్టుని చూశారు సరే, ఆకులు రాత్రి ఎందుకు ముడుచుకుంటాయని ఇక్కడివాళ్ళని అడిగితే, నిద్రపోతోంది అన్నారట. ఆ మాట చెప్పిన మనిషి పేరు థియోఫ్రాస్టస్ పుస్తకంలో లేదు.