హేతువు తెలియని మూత్రపిండవ్యాధి: ఎ.కొండూరు తండాల సందర్భమున ఒక చారిత్రక పరిశీలనము

హనుమాన్ జంక్షన్ నుండి నూజివీడు మీదుగా వాయవ్యముగా పోయినచో, కాలువ క్రింది మాగాణులు వెనుకబడి బోరునీటిమీద బ్రతుకు మెరకభూములు ఎదురగును. ఆ మెరకలోని ఎ.కొండూరు మండలమున, లంబాడీ తండాలయందు, రెక్కాడినగాని డొక్కాడని కూలిజనము కిడ్నీలు పాడయి డయాలసిస్‌కై పట్టణములకు తిరుగుచుండుట కొన్నియేండ్లుగా విదితమే. ఈ వ్యాధిని గుర్తించుటకు శాస్త్రము తొలుత సంపాదించిన సాధనము ఇట్టి సీమలలో చాలకపోవుచున్నదని నిరూపించుటయే ఈ వ్యాసోద్దేశము.

1827లో లండను గైస్ ఆసుపత్రి వైద్యుడు రిచర్డ్ బ్రైట్, ఒడలు నీరుపట్టుట, మూత్రమున ఆల్బుమిన్ అను మాంసకృత్తు పోవుట, మరణానంతరము కోసి చూడగా కానవచ్చు మూత్రపిండ వికారము, ఈ మూడును ఒక్క రోగమునకే చెందినవని స్థాపించెను. చెంచాలో కొంచెము మూత్రము పోసి కొవ్వొత్తి మంటపై పట్టినచో, ఆల్బుమిన్ ఉన్నయెడల అది గ్రుడ్డులోని తెల్లసొనవలె పేరుకొనును. ఇంతటి సులభపరీక్షపై ఒక శాస్త్రశాఖయే నిలిచినది.

పిమ్మట రసాయనశాస్త్రము తోడయ్యెను. మూత్రపిండములు విసర్జించు మలినమగు క్రియాటినిన్ పిక్రిక్ ఆమ్లముతో నారింజవన్నె దాల్చునని 1886లో యాఫే కనుగొనగా, దాని నాధారము చేసికొని 1904లో ఓటో ఫోలిన్ క్రియాటినిన్‌ను కొలుచు పద్ధతిని కల్పించెను. ఆ ఫోలిన్ అధ్యక్షతనున్న హార్వర్డు జీవరసాయన శాఖయందే, భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు, సైరస్ ఫిస్కేతో కలిసి, 1925లో భాస్వరమును కొలుచు విధానమును ప్రకటించెను. మూత్రపిండములు క్షీణించినపుడు రక్తమున భాస్వరము పెరుగును గనుక, ఆ విధానము ఈ రోగులకును ఉపకరించెను. ఈ చరిత్ర చెప్పునపుడు మనవారే ఆయనను స్మరింపకుండుట నాకు బాధాకరము.

ఇక ఈ సాధనములు చాలని సీమల మాట. శ్రీకాకుళము జిల్లా ఉద్దానమున, కొబ్బరి జీడితోటల నడుమ జరిగి 2019లో ప్రకటితమైన పరిశోధనలో, పరీక్షితులలో సుమారు 18 శాతము మందికి దీర్ఘకాలిక మూత్రపిండవ్యాధి కలదనియు, వారిలో అధికులకు తెలిసిన హేతువేదియు లేదనియు తేలెను. అట్టివారిలో పెక్కురకు ఆల్బుమిన్ స్వల్పముగానే పోవును, ఒడలు తొలిదశలో నీరుపట్టదు. రక్తమును వడకట్టు కేశనాళికల గుత్తులకంటె మూత్రనాళికలును, వాని నడుమనున్న కణజాలమును ముందు చెడుటయే ఇందుకు కారణము. బ్రైటు చెంచాకు ఈ రోగి ఆరోగ్యవంతుడుగనే తోచును. క్రియాటినిన్ హెచ్చినట్లు తెలియునప్పటికో, మూత్రపిండముల శక్తి సగమువరకు నశించియుండును.

నీటిలోని సిలికా, ఫ్లోరైడు, పురుగుమందులు, ఎండలో చాకిరి, నొప్పిమాత్రలు అని అనుమానములు పెక్కు గలవు. ఏదియు నిర్ధారితము కాలేదు. 1956లో బల్గేరియాయందు వర్ణితమైన బాల్కను మూత్రపిండవ్యాధికి, గోధుమచేలలో మొలచు ఒక కలుపుమొక్క గింజలు పిండిలో కలియుటయే ప్రధానహేతువని రూఢిపడుటకు అర్ధశతాబ్దము పట్టినది. కావున, తండాలలో రోగులనేకాక ఆరోగ్యవంతులైన యువకులను సైతము ఏటేట పరీక్షించుచు, బోరు ఏ యేట వేసిరి, అంతకుముందు త్రాగినది బావినీరా చెరువునీరా, మిరప కోతలనాడు ఎన్ని గంటలు ఎండలో నిలిచిరి, ఒళ్ళునొప్పులకు ఏ మాత్ర మ్రింగిరి అనునవి ఇంటింట అడిగి వ్రాసికొనవలెను.